మడమ లెక్క

పోయిన వారం మనం ఆగింది అక్క ప్రశ్న దగ్గర. కవరులో వచ్చిన టికెట్టును తోక పట్టుకున్న ఎలుకలా రెండు వేళ్ళతో ఎత్తి చూపిస్తూ, ఆవిడ తమ్ముణ్ణి అడిగింది గుర్తుందిగా: "బతికున్నవాడివి, చచ్చానని చెప్పావు. సరే, చెప్పావు. ఇప్పుడు అసలు పుట్టనే పుట్టని తమ్ముడి వేషం వేసుకుని వెళ్తానంటావా?" ఆ ప్రశ్నకు అతను జవాబు చెప్పలేదు. వారం తిరిగి ఆదివారం వచ్చినా చెప్పలేదు.

మధ్యలో కథ అందుకున్నవారికి రెండు ముక్కలు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట నలుగురు కుర్రాళ్ళ రాక్ బ్యాండు ఒకటి ఉండేది. అందులో డ్రమ్స్ వాయించేవాణ్ణి గడియారం అనేవారు, లయ వెంట్రుకవాసి తప్పడని. గిటారు వాయించేవాణ్ణి కొంగ అనేవారు, సన్నగా పొడుగ్గా ఉండి ఒంటికాలి మీద నిలబడి వాయిస్తాడని. ఒకనాడు టీవీలో నేరుగా వస్తున్న కచేరీలో వాళ్ళ పాట ఒకటి నడిమధ్యన కుప్పకూలింది. తప్పు కొంగది. అపవాదు గడియారానికి వచ్చింది. మర్నాడు పేపర్లన్నీ గడియారం ఆగిపోయిందని వేళాకోళం రాశాయి. కొంగ నోరు విప్పి "తప్పు నాది" అని ఒక్క మాట అంటాడేమోనని గడియారం నాలుగు నెలలు చూశాడు. అనలేదు. కర్రలు బీరువా మీద పడేసి, అక్కా బావల ఇంటి కింద గదిలో కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. బ్యాండు కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. పాడేవాడు పోయాడు, కీబోర్డు వాయించేవాడికి చేతులు వణికే జబ్బు వచ్చింది.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం దుకాణంలో ఫోన్ మోగింది. చేతికి నూనె, నోట్లో స్క్రూ. "గడియారం ఉన్నాడా అండీ?" అన్న కొంగ గొంతు విన్నాడో లేదో, ఒళ్ళు భగ్గుమంది. ఇరవై ఎనిమిదేళ్ళు నోరు మూసుకుని ఇప్పుడు తీరిగ్గా పలకరింపా అనిపించింది. స్క్రూ ఊసేసి, "చనిపోయాడు. నేను వాళ్ళ తమ్ముణ్ణి" అనేశాడు. అంతే, అనుకుని అన్న మాట కాదు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. వారం తిరక్కుండా రెండు పేపర్లలో మూలగా నాలుగు వాక్యాలు పడ్డాయి, ఒకప్పటి డ్రమ్స్ కళాకారుడు ఇక లేరని. తన చావు కబురు తానే టీ తాగుతూ చదువుకున్న మనిషి మనవాడు. అక్క ఆ రోజు అన్నం వండలేదు.

ఇప్పుడు కొంగ ఒంటరిగా, ఒక్క గిటారుతో కచేరీ పెట్టాడు. ఒక టికెట్టు దుకాణం అడ్రసుకు పంపాడు. కవరు మీద "గడియారం తమ్ముడుగారికి" అని ఉంది.

* * *

ఆదివారం మూడున్నరకు అక్క బావగారి కోటు తెచ్చి కుర్చీ వీపుకు తగిలించింది. బావగారు పోయి ఆరేళ్ళు. ఆయన భుజాలు వెడల్పు, ఇతనివి బక్క. "వేషమైనా కుదురుగా వెయ్యి" అంది. అంత కోపంలోనూ కాలరు సర్ది, మీద పడ్డ దారప్పోగు ఏరేసింది. ఎందుకు వెళ్తున్నావని మాత్రం మళ్ళీ అడగలేదు. అడిగినా చెప్పడానికి సిగ్గు. అరవై దాటిన మగవాడు, ఒక్క మాట వినాలని వెళ్తున్నానంటే నవ్వరూ? కానీ అదే నిజం. తను చచ్చాడని నమ్మాక అయినా కొంగ ఆ ముక్క అంటాడా అనడా, అది తేల్చుకోవాలి. అనకపోతే ఇంటికి వచ్చి, బీరువా మీది కర్రలు పొయ్యిలో పెట్టేద్దామనుకున్నాడు.

హాలు గ్రంథాలయం పై అంతస్తులో ఉంది. నాలుగు వందల మడత కుర్చీలు. కిటికీలకు మందపాటి తెరలు కట్టినా అంచుల్లోంచి సాయంత్రపు ఎండ నేల మీద పడుతోంది. గడియారం వెనక వరసలో ఏ మూలో నక్కుదామనుకున్నాడు. టికెట్టు మీద మాత్రం మూడో వరస, నడవ పక్క కుర్చీ అని ఉంది. గుమ్మం దగ్గర టికెట్లు చూసే ఆవిడ అతని నంబరు చూసి, చేతిలో కాగితంతో సరిచూసుకుని, కాస్త ఎక్కువ మర్యాదగా తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కూర్చోగానే కుర్చీ కిర్రుమంది. కీలులో ఒక్క చుక్క నూనె వేస్తే పోయేదానికి ఎన్నేళ్ళుగా అరిపిస్తున్నారో అనుకున్నాడు.

పోలుస్తారన్న భయం లేదు. అప్పట్లో బొద్దుగా, భుజాల దాకా ఉంగరాల జుట్టుతో ఉండేవాడు. ఇప్పుడు ఆ జుట్టులో మిగిలింది చెవుల మీద నాలుగు పోగులు. అయినా ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

పక్క కుర్చీలో రిటైరైన నర్సమ్మ. ఆ సంగతి అడక్కుండానే ఆవిడే చెప్పింది. మాటకారి. చెల్లెలితో కలిసి రావాల్సిందట, చెల్లెలికి మోకాలు నొప్పట, ఆ కుర్చీలో ఇప్పుడు సంచి కూర్చుందట. ఇతని చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, తను పదిహేడేళ్ళప్పటి నుంచీ ఈ బ్యాండు పిచ్చిలో ఉన్నానని, మొగుడు కూడా మార్చలేకపోయాడని చెప్పింది. ఆ కూలిన కచేరీకి కూడా వచ్చిందట.

"ముందు వరసలో ఉన్నానండీ ఆ రోజు. నా కళ్ళతో చూశాను. ఆ డ్రమ్ముల అబ్బాయి లెక్క తప్పాడు. కొంగ వెనక్కి తిరిగి ఎలా చూశాడనుకున్నారు! పాపం, ఆ దిగులుతోనే పోయుంటాడు పిల్లాడు."

"అయ్యుంటుంది" అన్నాడు గడియారం. బిళ్ళ నోట్లో అటూ ఇటూ తిప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిచినా లోకం తీర్పు మారలేదు. ఆవిడ చెడ్డది కాదు, జాలిపడుతోంది కూడా. అదే ఎక్కువ మంట.

* * *

దీపాలు తగ్గాయి. కొంగ వచ్చాడు.

ఎంత తిట్టుకున్నా, ఎన్నేళ్ళు తిట్టుకున్నా, గడియారం మనసులో ఉన్నది ముప్ఫై ఏళ్ళవాడు. వచ్చింది ముసలాయన. నడుము వంగింది, కళ్ళకు సోడాబుడ్డి అద్దాలు. కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించి, గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. కొంగ రెండు కాళ్ళూ కింద పెట్టాడే అని జనంలో ఎవరో నవ్వారు. కొంగ కూడా నవ్వాడు.

అతని వెనక, ఎడమ పక్కన, గుండ్రటి స్టూలు ఒకటి ఉంది. ఖాళీగా. మంచినీళ్ళు పెట్టుకోవడానికని అందరూ అనుకుని ఉంటారు. గడియారం మాత్రం ఎత్తు చూడగానే పోల్చాడు. అది డ్రమ్స్ వాయించేవాడి స్టూలు. డ్రమ్స్ లేవు, స్టూలు ఉంది.

మొదటి పాట, రెండో పాట, మూడోది. గొంతు సన్నబడింది కానీ వేళ్ళు ఇంకా మాట వింటున్నాయి. జనం కళ్ళు మూసుకుని వింటున్నారు. గడియారానికి మాత్రం పాట కంటే ఖాళీలే ఎక్కువ వినబడుతున్నాయి. ఎక్కడెక్కడ తను వాయించేవాడో అక్కడక్కడ కొంగ ఆగుతున్నాడు. ఒంటరిగా వాయించే ఎవడైనా ఆ సందులు ఏదో ఒకటి పెట్టి పూడ్చుకుంటాడు. కొంగ పూడ్చలేదు. పాత పాటలను పాత కొలతలకే వాయిస్తూ, పక్కవాడికి ఎంత చోటు వదిలేవాడో అంత చోటూ వదిలాడు. ఇల్లు ఖాళీ అయినా పోయినవాళ్ళ పీటలు వాల్చి వడ్డిస్తున్న మనిషిలా ఉన్నాడు. గడియారం వేళ్ళు మోకాళ్ళ మీద వాటంతటవే ఆడబోయాయి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంత ఒంటరితనం అతనికి దుకాణంలో ఎప్పుడూ తెలియలేదు. అక్కడ మిషన్లుంటాయి, అక్క అరుపులుంటాయి. ఇక్కడ నాలుగు వందల మంది నడుమ, తనకు అచ్చంగా సరిపోయే చోట్లు గాలిలో ఒకటి తర్వాత ఒకటి ఖాళీగా వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

ఆరో పాట అయ్యాక వెనక నుంచి ఎవరో "మెట్ల పాట" అని అరిచారు. ఇంకొందరు అందుకున్నారు. ఆ పాట రికార్డు చేసింది ఒక పాత భవనం మెట్ల దారిలో, గొంతు గుయ్యిమని మోగుతుందని. కూలిన పాట అదే. కొంగ చెయ్యెత్తి ఆపమన్నాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను ఆ పాట వాయించలేదు. ఎందుకో ఇవాళ చెబుతాను. ఆ పాటలో రెండో చరణం కాగానే అందరం ఆగిపోతాం, మీకు తెలుసు. నాలుగు లెక్కలు. ఎవరూ పలకరు. నాలుగోదానికి నలుగురం ఒక్కసారే అందుకోవాలి. మేమంతా లోపల లెక్కపెట్టుకునేవాళ్ళమని మీరనుకుంటారు. మాలో ఎవడికీ లెక్క రాదండీ. మేము గడియారం ఎడమ మడమ చూసేవాళ్ళం. చప్పుడు కాకుండా నాలుగుసార్లు లేపి దించేవాడు. నాలుగోసారి దిగితే మేమూ దిగేవాళ్ళం. అంతే మా విద్య."

జనం నవ్వారు. కొంగ నవ్వలేదు.

"ఆ రోజు నేను మడమ చూడలేదు. కెమెరా చూశాను. మొహం బాగా పడుతోందా లేదా అని. మూడుకే వాయించేశాను. వాడు నాలుగుకు సరిగ్గా కొట్టాడు. పాట విరిగిపోయింది. అప్పుడు నేను వెనక్కి తిరిగి వాడి వంక ఉరిమి చూశాను, తప్పు వాడిదన్నట్టు. ఆ చూపు మీరంతా నమ్మారు. పేపర్లు నమ్మాయి. నేను కిక్కురుమనలేదు. తప్పు నాది. ఇది వాడికి చెప్పాలని మూడేళ్ళ కిందట ధైర్యం చేసి ఫోన్ చేశాను. అప్పటికే వాడు లేడు."

వచ్చింది. ఆ ఒక్క మాట వచ్చేసింది. ఇంత కాలం ఆ మాట వినపడిన రోజున తనకెలా ఉంటుందో గడియారం లక్షసార్లు ఊహించుకున్నాడు. ఎగిరి గంతేస్తాననుకున్నాడు, ఏడుస్తాననుకున్నాడు. ఏదీ జరగలేదు. ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. ఆ ఫోన్ ఇందుకా చేశాడు? ఆ మధ్యాహ్నం నోట్లో స్క్రూ తీసి "నేనే, చెప్పు" అని ఉంటే చాలు, ఆ ముక్క మూడేళ్ళ కిందటే, తన చెవిలో, తన పేరుతో పడేది. నోటికాడి కూడు తనే తన్నేసుకున్నాడు. ఇప్పుడు కొంగ చెప్పింది చచ్చినవాడికి. ఇక్కడ కూర్చున్నది వాడి తమ్ముడు. ఎవరికి చెందాల్సిన మాట వాళ్ళకే అందకుండా, తనే అడ్డంగా కూర్చున్నాడు.

పక్కన నర్సమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. "ఎంత మాటన్నానండీ ఇందాక! పాపం ఆ అబ్బాయిని..." అని, ఇతని చెయ్యి పట్టుకుంది. "ఆయనకు వినపడుతుందంటారా?"

"వినపడే ఉంటుందమ్మా" అన్నాడు గడియారం.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. హాలంతా లేచి నిలబడింది. కొందరు తల వంచుకున్నారు. నాలుగు వందల మంది తన కోసం నిలబడితే, లేవాలా కూర్చోవాలా తెలియక, చివరికి తనూ లేచి తన కోసమే తల దించుకున్నాడు. బావగారి కోటు చేతులు వేళ్ళ దాకా జారాయి.

ఇది ఇంతటితో అయిపోతే బాగుండేది. మెల్లగా జారుకుని ఇంటికెళ్ళి, అక్కకు చెప్పి, కర్రలు మాత్రం పొయ్యిలో పెట్టకుండా ఉండేవాడు. కానీ కొంగ మళ్ళీ మైకు అందుకున్నాడు. గడియారం తమ్ముడు ఇక్కడే ఉన్నాడన్నాడు. మూడో వరస, నడవ పక్క కుర్చీ అన్నాడు. టికెట్లు చూసే ఆవిడ అప్పటికే పక్కకొచ్చి, రండి సార్ అని చెయ్యి చూపిస్తోంది. నర్సమ్మ పట్టుకున్న చెయ్యి వదిలేసి, నోరు తెరిచి చూసింది. ఆవిడ పిప్పరమెంటు ఇంకా అతని బుగ్గలోనే ఉంది. కక్కలేడు, మింగలేడు. నాలుగు వందల మంది చప్పట్లు కొడుతుంటే పారిపోయే దారి లేక, గడియారం స్టేజీ మెట్లు ఎక్కాడు.

* * *

కొంగ లేచి నిలబడి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. మైకుకు దూరంగా జరిగి, మొహంలో మొహం పెట్టి చూశాడు. మందపాటి అద్దాల వెనక కళ్ళు పెద్దగా, తడిగా ఉన్నాయి.

"అచ్చం మీ అన్నయ్యే."

"అందరూ అదే అంటారు."

"చివర్లో నన్నేమైనా అన్నాడా?"

ఏమైనా చెప్పొచ్చు. క్షమించాడని చెప్పొచ్చు, శపించాడని చెప్పొచ్చు. పోయినవాడి తరఫున మాట్లాడే హక్కు లోకంలో తమ్ముడికి కాక ఇంకెవరికుంది? గడియారం గొంతు దాకా ఎన్నో వచ్చాయి.

"మీ పేరెత్తేవాడు కాదు" అన్నాడు. అది నిజం కనుక.

కొంగ తల ఊపాడు. "అంతేలే. వాడంతే." తర్వాత చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "ఆ స్టూలు మీద కూర్చుంటావా తమ్ముడూ? ఏమీ చెయ్యక్కర్లేదు. వెనక ఎవరో ఒకరున్నారని ఉంటే చాలు. ఈసారైనా సరిగ్గా లెక్కపెట్టుకుంటాను."

గడియారం వెళ్ళి కూర్చున్నాడు. స్టూలు మీద కూర్చోగానే నడుముకు తెలిసిపోయింది. ఎత్తు అతనిదే. కొంగ ఆ కొలత మర్చిపోలేదు.

పాట మొదలైంది. గడియారం ఒక నిర్ణయానికి వచ్చేశాడు. చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి. పేరు మీది మచ్చ పోయింది, చాలు. ఇప్పుడు నేనే వాణ్ణంటే ఏమవుతుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ నర్సమ్మ ఏడుపు వెటకారమవుతుంది, లేచి నిలబడిన జనం నవ్వులపాలవుతారు, అందరి ముందూ గుండె విప్పిన ముసలాయన వెర్రివాడవుతాడు. తనేమో, బతికుండి చావు నటించిన దొంగ. రేపటి పేపర్లు మళ్ళీ గడియారం మీద జోకులు వేసుకుంటాయి. వద్దు. బక్క తమ్ముడిగా దిగిపోవాలి.

ఒక్కటే భయం. అతని ఎడమ కాలు అతని మాట ఎప్పుడూ వినలేదు. దుకాణంలో కుట్టు మిషను నడిపి చూసేటప్పుడు కూడా ఆ మడమ దానంతటది లేస్తుంది. అందుకని కుడి బూటును ఎడమ బూటు మీద పెట్టి గట్టిగా తొక్కి పట్టాడు. కదులు చూద్దాం అని దాన్ని లోపలే తిట్టాడు.

మొదటి చరణం అయింది. రెండోది నడుస్తోంది. ఆ మెట్ల దారిలో నలుగురూ ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని రికార్డు చేసిన రోజు అతనికి కళ్ళ ముందు కదిలింది. అప్పటి చెమట వాసన కూడా వచ్చింది. ఆ నలుగురిలో ఇద్దరు ఇక్కడున్నారు, ఆ ఇద్దరిలో ఒకడు చచ్చాడని రెండోవాడి నమ్మకం.

రెండో చరణం ఆఖరి మాట. కొంగ తీగలను అరచేత్తో నొక్కేశాడు.

నిశ్శబ్దం.

ఒకటి.

కొంగ పాత అలవాటు కొద్దీ తల వెనక్కి తిప్పి, స్టూలు కింద నేల వంక చూశాడు. అక్కడ ఒక దాని మీద ఒకటి ఎక్కిన బూట్లు తప్ప ఇంకేమీ లేవు.

రెండు.

కొంగ కుడి చెయ్యి పైకి లేచింది. కుట్టు జారబోయే మిషను జారక ముందే గడియారం చెవికి దొరికిపోతుంది, సూది దిగడంలోనే తెలుస్తుంది. అలాగే ఇప్పుడూ తెలిసింది. ఆ చెయ్యి తొందరపడుతోంది. మళ్ళీ మూడుకే పడబోతోంది. అదే పాట, అదే చోటు, అదే తప్పు. ఈసారి వెనక్కి తిరిగి ఉరిమి చూడటానికి కూడా ఎవరూ లేరు. తప్పు ఒప్పుకున్న పావుగంటలోనే, అంతమంది ముందు, ఆ ముసలాయన మళ్ళీ అదే తప్పు చేసి ఆ కుర్చీలో ఒక్కడే కూర్చోవాలి.

గడియారం కుడి బూటును ఎడమ బూటు మీంచి తీసేశాడు. కావాలనే తీశాడు. తర్వాత ఎవరు ఎన్నిసార్లు అడిగినా, కాలు దానంతటది లేచిందని అతను అబద్ధం చెప్పలేదు.

ఎడమ మడమ లేచింది. కొంగ చెయ్యి సగం దారిలో ఆగిపోయింది.

మడమ దిగింది. మూడు.

మళ్ళీ లేచింది. చప్పుడు లేదు. లేచి, దిగే ముందు ఆఖరి లెక్కకు గడియారం అప్పట్లో ఎలా రవ్వంత ఆగేవాడో అలాగే రవ్వంత ఆగి, దిగింది.

నాలుగు.

కొంగ చెయ్యి దాంతోపాటే దిగింది. తీగలు ఒక్కసారిగా పలికాయి. హాలు హాలంతా ఊగిపోయింది. జనం ఆఖరి చరణం గొంతు కలిపి పాడేస్తున్నారు. మూడో వరసలో నర్సమ్మ రెండు చేతులూ పైకెత్తి పాడుతోంది.

కొంగ మాత్రం పాడటం లేదు. వేళ్ళు వాయించుకుపోతున్నాయి, చూపు ఆ బూటు మీదే ఉంది. తర్వాత మెల్లగా పైకి వచ్చింది. వదులు కోటు, కోటు చేతుల్లోంచి బయటికొచ్చిన వేళ్ళు, ఆ వేళ్ళు తొడ మీద తెలియకుండా వేస్తున్న దరువు, మెడ, చెవుల మీద నాలుగు పోగులు. చివరికి కళ్ళు. గడియారం తల తిప్పుకోలేదు. తిప్పుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు.

పాట అయిపోయింది. చప్పట్లు ఆగడం లేదు. కొంగ గిటారు కిందికి దించి కుర్చీకి ఆనించాడు. మొహం పాలిపోయింది. కోపమో, సంతోషమో, భయమో గడియారానికి అంతుపట్టలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చూడని మొహం మరి. కొంగ వెనక్కి వంగి, ఒక చేత్తో మైకును మూసి పట్టుకుని, ఇతనొక్కడికే వినపడేలా అడిగాడు.

"మీ తమ్ముడేడిరా?"

గడియారం నోరు తెరిచాడు. అప్పటికే చప్పట్లు సద్దుమణిగి, జనం తర్వాత ఏం చెబుతాడా అని కొంగ వంకే చూస్తున్నారు. కొంగ అతని మొహంలోకి ఇంకో క్షణం చూసి, జనం వైపు తిరిగి, మైకు మీది చెయ్యి తీశాడు.